ముప్పై ఒక్క శాల్తీల శిక్షణ సామగ్రి

ఉపాధ్యాయుడు జీవితాంతం విద్యార్థే అని పెద్దలంటారు. ఆ మాట విని తలూపి ఊరుకుంటే సరిపోయేది. మా జిల్లాలో దాన్ని ఉత్తర్వుగా జారీ చేశారు.

మొదటి ఏడాది ప్రతి ఉపాధ్యాయుడూ ఐదు రోజులు శిక్షణ పొందాలన్నారు. ఐదు రోజులకే ఇంత మేలు జరిగితే యాభై రోజులకు ఎంత మేలు జరగాలి అని రెండో ఏడాది ఎవరో లెక్క కట్టారు. కట్టినాయన లెక్కల మాస్టారు కాదు. మూడో ఏడాదికి అది నూట ఇరవై రోజులైంది. బడి నడిచేదే రెండు వందల ఇరవై రోజులు. మిగిలిన వంద రోజుల విషయం పరిశీలనలో ఉన్నదని ఉత్తర్వు చివర ఒక వాక్యం కూడా ఉంది.

వెదుళ్లపెంట జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పే హైమావతి టీచర్ ఆ ఏడాది ఆగస్టులో పదో తరగతికి త్రికోణమితి మొదలుపెట్టింది. నల్లబల్ల మీద గోడ గీసి, గోడకు నిచ్చెన ఆనించి, "నిచ్చెన పొడుగు పది మీటర్లు. నేలతో అరవై డిగ్రీల కోణం చేస్తోంది. నిచ్చెన కొస ఎంత ఎత్తున తగిలింది?" అని అడిగింది. ముప్పై ఒక్కమంది పిల్లలూ నిచ్చెన వంక చూశారు. ఆమె నోరు తెరిచేంతలో హెడ్మాస్టరు సింహాచలం గారు గుమ్మంలో నిలబడి ఫోను పైకెత్తి చూపించారు.

"హైమావతి గారూ, మీకు ఐదు రోజుల శిక్షణ పడిందండి. 'తరగతి గదిలో చిరునవ్వు' అట."

"ఈ ఒక్క లెక్కా అయ్యాక వెళ్తానండి."

"సాయంత్రం ఐదింటికల్లా జిల్లా కేంద్రంలో రిపోర్టు చెయ్యాలటండి. బస్సు ఇప్పుడుంది. ఇది పోతే మళ్లీ నాలుక్కి గాని లేదు."

ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఐదు రోజుల పాటు జిల్లా కేంద్రంలో చిరునవ్వు నేర్చుకుని, ఏమాత్రం నవ్వకుండా తిరిగి వచ్చింది. నిచ్చెన అలాగే ఉంది. పిల్లలు దాన్ని చెరపలేదు. మళ్లీ మొదటినుంచి చెప్పి, సైన్ అంటే ఏమిటో చెప్పబోతుండగా 'బల్లలను గుండ్రంగా అమర్చుట' అనే శిక్షణ వచ్చింది. అది ఆరు రోజులు. బడిలో ఉన్న బల్లలు తొమ్మిది. నాలుగు గోడకు ఆనిస్తే తప్ప నిలబడవు. ఆ తర్వాత 'ఊపిరి మీద ధ్యాస', ఆ పైన 'ధ్యాస మీద ధ్యాస'. దసరా సెలవులు దాటినా నిచ్చెన నల్లబల్ల మీదనుంచి దిగలేదు.

హైమావతి ఒక్కతే కాదు. బడిలో ఉన్న ఆరుగురు టీచర్లదీ అదే తిరుగుడు. ఒకరొచ్చేసరికి ఇద్దరు వెళ్లేవారు. టీచర్లెవరూ లేని రోజున మధ్యాహ్న భోజనం వండే గౌరమ్మ పొయ్యి దగ్గర్నుంచే ఐదు తరగతులనూ గరిటెతో అదిలించేది.

"అమ్మా, ఆ నిచ్చిన ఎప్పుడు దింపెత్తారు?" అని అడిగింది ఒకరోజు. "పిల్లలు అన్నం తింతన్నా దాని గురించే. ఎత్తెంతే, ఎత్తెంతే అని ఒకటే గోల. నేనే ఒక నిచ్చిన తెచ్చి గోడకేసి కొలిపించీనా?"

హైమావతికి నవ్వు రాలేదు. కిందటి ఏడాది పది పరీక్ష రాసిన ఇరవై ఎనిమిది మందిలో పద్నాలుగు మంది లెక్కల్లో తప్పారు. వాళ్లలో తొమ్మిది మంది చెన్నై వెళ్లి మేడలు కట్టే పనిలో ఇటుకలు మోస్తున్నారు. ఈ ఏడాది వాళ్ల చెల్లెళ్లూ తమ్ముళ్లూ ఈ గదిలో కూర్చున్నారు. ఆ తొమ్మిది మందిలో ఒకడు కృపారాణి అనే పిల్లకు అన్న. ఆ పిల్లకు పాలిటెక్నిక్ చదవాలని ఉంది. ఎక్కడో తెచ్చిన పాత పుస్తకం చంకలో పెట్టుకుని, టీచరు బస్సు దిగే చోటే కాచుకుని ఉండేది.

"టీచర్, ఈసారి ఎన్నాళ్లుంతారు?"

"రెండు రోజులే."

"అయితే సైన్ ఒక రోజు, కాస్ ఒక రోజు. టాన్ నేనే ఎలగో సూసుకుంతాను."

పద్నాలుగేళ్ల పిల్ల పాఠ్యప్రణాళికను అలా పంచేసింది. హైమావతి ఆ సాయంత్రమే జిల్లా కార్యాలయానికి ఫోను చేసి, పబ్లిక్ పరీక్షల దాకా తనకు శిక్షణనుంచి మినహాయింపు ఇవ్వమని అడిగింది.

"ఇస్తామండి, తప్పకుండా ఇస్తాం," అన్నాడు గుమాస్తా ఎంతో మర్యాదగా. "మినహాయింపు దరఖాస్తు నింపాలంటే ముందు 'మినహాయింపు దరఖాస్తు నింపుట' మీద మూడు రోజుల శిక్షణ పొంది ఉండాలి. మీ పేరు రాసెయ్యమంటారా?"

నవంబరులో ఆమె మళ్లీ జిల్లా కేంద్రానికి వెళ్లవలసి వచ్చింది. ఈసారి విషయం 'ఉపాధ్యాయుల గైర్హాజరు నివారణ: బడిలో ఉపాధ్యాయుడు ఉండుట యొక్క ప్రాముఖ్యత'. ఎనిమిది రోజులు. ఒక కల్యాణ మండపంలో నూట ఇరవై మంది టీచర్లను కూర్చోబెట్టి నదుల పేర్లతో జట్లుగా విడదీశారు. హైమావతి నాగావళిలో పడింది. మొదట అందరూ ఒక వేలితో, తర్వాత రెండు వేళ్లతో, ఆ తర్వాత మొత్తం అరచేతులతో చప్పట్లు కొట్టి వాన కురిపించారు. వానలో తడిసిన అనుభూతిని చార్టు మీద రాయమన్నారు. వంశధార జట్టులోని ఒక తెలుగు మాస్టారు పాపం నిజంగానే తుమ్మారు.

వాన వెలిశాక జిల్లా వృత్తి నైపుణ్యాభివృద్ధి సమన్వయాధికారి చిదానందరావు గారు మైకు అందుకున్నారు. ఆయన ఉద్యోగ జీవితంలో ఒక్క సంవత్సరం బడిలో పనిచేశారు. అందులో పది నెలలు శిక్షణలోనే ఉన్నారు.

"మిత్రులారా! మన జిల్లాలో ఏ రోజు చూసినా యాభై ఐదు శాతం ఉపాధ్యాయులు బడిలో లేరని క్షేత్రస్థాయి అధ్యయనంలో తేలింది. ఇది మిక్కిలి ఆందోళనకరం. వారు ఎక్కడికి పోతున్నారు? దీని మూలాలలోనికి మనం సమగ్ర, ఫలితాధారిత, భాగస్వామ్య దృక్కోణంతో ప్రయాణించవలసి ఉన్నది."

హైమావతి చెయ్యెత్తింది. "ఇక్కడికే వస్తున్నారండి."

మండపంలో గుసగుసలు లేచాయి. చిదానందరావు గారు కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడరు. కోపం అదుపు మీద శిక్షణ పొందిన మనిషి.

"అద్భుతమైన పరిశీలన! దీన్ని మన ప్రశ్నల బుట్టలో వేద్దాం," అని, ఆ మాటను రంగు కాగితం మీద రాయించి, గోడ మీది చార్టులో గీసిన బుట్ట బొమ్మకు అంటించారు. బుట్ట అప్పటికే నిండిపోయి కాగితాలు కిందికి జారుతున్నాయి. "ఇంత లోతైన అంశాన్ని ఈ ఎనిమిది రోజుల్లో స్పృశించలేం. 'శిక్షణల వలన కలుగు గైర్హాజరు' అని దీని మీద ప్రత్యేకంగా పది రోజుల శిక్షణ రూపొందిస్తాం. మీరు తప్పక రావాలమ్మా."

డిసెంబరు మొదటి వారంలో ఆ శిక్షణకు మొదటి పిలుపు ఆమెకే వచ్చింది.

అదే వారం హెడ్మాస్టరు సింహాచలం గారు 'సాహసోపేత నాయకత్వం' అనే ఇరవై ఒక్క రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. నెత్తిన టోపీ, చేతిలో సర్టిఫికెట్. ఆయన మంచివారే. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ ఏ కాగితమూ తన వల్ల కదలకుండా ఉంటే చాలునని ఆయన కోరిక. పైనుంచి అనుమతి రాలేదని బడి గంటకు కొత్త తాడు కట్టడానికి ఏడాది ఆగిన మనిషి.

"ఏం నేర్పారండి?" అని అడిగింది హైమావతి.

"నిర్ణయాలు తీసుకోవడమండి. వెనక్కి చూడకుండా."

"అయితే ఒక నిర్ణయం తీసుకోండి. మార్చి దాకా నన్ను ఎక్కడికీ పంపకండి. పిల్లలకు ఇంకా ఆరు పాఠాలున్నాయి."

సింహాచలం గారు టోపీ తీసి బల్ల మీద పెట్టారు. "అది పైవాళ్లని అడగాలి కదండీ."

ఆమె ఇంటికి వెళ్లింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఉద్యోగం మానేద్దామనుకుంది. మానేస్తే ఉద్యోగం మానిన టీచర్లకు ఏదో శిక్షణ ఉండకపోదనిపించి ఆ ఆలోచన విరమించుకుంది. అప్పుడు తట్టిందామెకు. తను ఇన్నాళ్లూ శిక్షణ వద్దని అడుగుతోంది. ఆ కార్యాలయంలో వద్దు అన్నదానికి దారి లేదు. కావాలి అన్నదానికే ఉంది.

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరు గదిలో కూర్చుని ప్రతిపాదన రాయడం మొదలుపెట్టింది.

"'సజీవ తరగతి గది ఆధారిత బోధనా నిమజ్జన శిక్షణ'," అని పైకి చదివింది. "కాలవ్యవధి అరవై రోజులు. వేదిక, మన బడే. శిక్షణార్థి, నేను."

"అంటే మీరిక్కడే ఉండి..."

"ప్రతి రోజూ ఏడు గంటలు సజీవ పరిసరాలలో నైపుణ్య సాధన చేస్తాను."

"అంటే పాఠాలు చెప్తారా?"

"ఆ మాట అనకండి సార్! అంటే మొదటికే మోసం. ఈ నాలుగు పేజీల్లో పాఠం అన్న మాట ఎక్కడా రాయలేదు."

సింహాచలం గారు నాలుగు పేజీలూ చదివారు. ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాని కాగితం మీద సంతకం చేయడం ఆయనకు ఎప్పుడూ భయం లేదు, సర్వీసంతా చేసినది అదే. శిక్షణ సామగ్రి అన్న గడి దగ్గర మాత్రం ఆగారు. హైమావతి అందులో 'నల్లబల్ల ఒకటి, సుద్దపెట్టెలు పది, విద్యార్థులు ముప్పై ఒకటి' అని రాసింది.

"పిల్లల్ని సామగ్రిలో రాశారేంటండి?"

"మనుషుల గడిలో రాస్తే వాళ్లకీ శిక్షణ వేస్తారండి."

వారం తిరక్కుండా జిల్లా కార్యాలయం నుంచి ఒకే ఒక్క సందేహం వచ్చింది. 'క్రమసంఖ్య మూడులోని సామగ్రి మన్నిక ఎంత?' సింహాచలం గారు బాగా ఆలోచించి 'ప్రతి జూన్‌లో కొత్తది వచ్చును' అని జవాబు పంపారు. అనుమతి వచ్చేసింది, పది రోజుల పిలుపూ రద్దయింది. వెంట ఒక బ్యానరు కూడా వచ్చింది.

జనవరి సెలవులు కాగానే శిక్షణ మొదలైంది. నిబంధన ప్రకారం రోజూ ఉదయం ఒక ముందస్తు పరీక్ష, సాయంత్రం ఒక అభిప్రాయ పత్రం ఉండాలి. ముందస్తు పరీక్ష పేరుతో నిన్న చెప్పిన లెక్కలు అడిగేది. అభిప్రాయ పత్రాలు పిల్లలే నింపేవారు. 'ఈ శిక్షణలో మీకు నచ్చని అంశం?' అన్న ప్రశ్నకు దాలినాయుడు అనే కుర్రాడు రోజూ 'లెక్కలు' అనే రాసేవాడు.

రెండో రోజున ఆగస్టు నాటి నిచ్చెన దగ్గరికి వచ్చారు. సైన్ అరవై విలువ వేసి, పదితో హెచ్చవేసి, ఎనిమిది మీటర్ల అరవై ఆరు సెంటీమీటర్లు అని తేల్చేసరికి తరగతంతా ఒక్క కేక పెట్టింది. గౌరమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏటయినాది? ఎవులు పడ్డారు?"

"పడనేదు గౌరమ్మా! నిచ్చిన దిగిపోనాది!" అంది కృపారాణి.

మర్నాడు పది గంటల వేళ అందరినీ ఆరుబయటికి తీసుకెళ్లింది. ఎవరి నీడ సరిగ్గా వాళ్లంత పొడుగయ్యేదాకా ఎండలో నిలబెట్టింది. ఆ క్షణాన జెండా కర్ర నీడ కొలవమంది. ఏడు మీటర్లు. కర్ర ఎక్కకుండా దాని ఎత్తు తెలిసిపోయింది. ఇక ఆ వారమంతా ఊళ్లో నీడ కొలవని కొబ్బరిచెట్టు మిగల్లేదు. హైమావతికి తన గొంతు తనకే కొత్తగా వినిపించసాగింది. వరుసగా పదిహేను రోజులు పాఠం చెప్పి ఆమెకు రెండేళ్లయింది.

ఫిబ్రవరిలో చిదానందరావు గారు పర్యవేక్షణకు వచ్చారు, ఫొటోగ్రాఫరుతో సహా. ఆయన గుమ్మంలో నిలబడి పది నిమిషాలు చూశారు.

"శిక్షణార్థే మాట్లాడుతున్నారేమిటి? శిక్షకుడెక్కడ?"

"స్వీయ శిక్షణ సార్. మూడో పేజీలో ఉంది."

"వాన కురిపించరా?"

"ఇక్కడ కప్పు కారుతుంది సార్. వద్దనుకున్నాం."

ఆయన వెళ్లి వెనక బెంచీ మీద దాలినాయుడి పక్కన సర్దుకుని కూర్చున్నారు. పాఠం సాగింది. కాసేపటికి జేబులోంచి పెన్ను తీశారు. ఆ తర్వాత దాలినాయుణ్ని కాగితం అడిగారు. గంట కొట్టే వేళకు, ఎవరూ చూడకుండా ఎత్తినట్టుగా, చెయ్యి సగం పైకెత్తారు.

"ఏమీ అనుకోకండమ్మా. ఈ సైన్, కాస్ అనేవి... అసలు అవి ఏమిటి? నేను పదిలో బట్టీ పట్టేశాను. నలభై ఏళ్లయింది. ఎవర్నీ అడగలేదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. కృపారాణి లేచి వెళ్లి నల్లబల్ల మీద మూడు త్రిభుజాలు గీసింది. చిన్నది, పెద్దది, ఇంకా పెద్దది. "సార్, ఇది ఎంత పెరిగినా కోణం మారనేదు కదండీ. అందికే ఈ గీతకీ ఆ గీతకీ నిష్పత్తి మారదు. ఆ మారనిదానికే పేరెట్టినారు. అంతే."

చిదానందరావు గారు ఆ త్రిభుజాలను తన కాగితం మీదికి ఎక్కించుకున్నారు. ఆయన ముఖంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. హైమావతి ఐదు రోజులు నేర్చుకోలేకపోయిన చిరునవ్వు అదే కాబోలు.

"అంతేనా!" అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఆయన అధికారి ఎందుకవుతారు? మూడో రోజున సర్క్యులర్ వచ్చింది. 'ఇంతటి ప్రభావశీలమైన శిక్షణను నిమ్నహస్తాక్షరుడు తన సర్వీసులో చూచి ఉండలేదు. కావున తక్షణమే జిల్లాలోని ఉపాధ్యాయులందరూ ఇతర శిక్షణలు విడిచి, తమ తమ బడులలోనే బోధనా నిమజ్జనము కావలెను.'

జిల్లా అంతటా టీచర్లు కల్యాణ మండపాలు ఖాళీ చేసి బడులకు వచ్చిపడ్డారు. వెదుళ్లపెంటలో ఆరుగురూ ఒకేరోజు కనిపించేసరికి చిన్న తరగతుల పిల్లలు ఇద్దరిని గుర్తుపట్టలేదు. రికార్డుల ప్రకారం ఆ రోజునుంచి పరీక్షల దాకా జిల్లాలో ఒక్క బడి కూడా నడవలేదు. అన్నీ శిక్షణలోనే ఉన్నాయి. ఊళ్లలో మాత్రం పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎక్కాలు వినిపించేవి.

ఏప్రిల్లో ఫలితాలు వచ్చాయి. ముప్పై ఒక్కమందిలో ముప్పైమంది పాసయ్యారు. కృపారాణికి లెక్కల్లో తొంభై ఆరు వచ్చాయి. దాలినాయుడికి ముప్పై ఒకటి. నాలుగు మార్కులు తక్కువై తప్పాడు. వాళ్ల నాన్న చెన్నైకి రైలు టికెట్టు తీయబోతుంటే హైమావతి ఇంటికి వెళ్లి, జూన్లో సప్లిమెంటరీ పరీక్ష ఉందని, అప్పటిదాకా కుర్రాణ్ని తనకు వదలమని బతిమాలి ఒప్పించింది. వేసవి సెలవుల్లో రోజూ బడి వరండాలో వాడికి పాఠం చెప్పడం మొదలుపెట్టింది.

మే నెలాఖరున ఒక మధ్యాహ్నం బడి ముందు వ్యాను ఆగింది. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒక కాగితం పట్టుకుని దిగాడు. హాజరు రిజిస్టర్లు రాసుకుంటున్న సింహాచలం గారు బయటికి వచ్చారు.

"జిల్లా స్టోరునుంచి వచ్చినామండి. శిక్షణ అయిపోతే సామగ్రి తిరిగి జమ చేసీయాల కదా. నల్లబల్ల గోడకుంది, వదిలీయమన్నారు. సుద్ద అరిగిపోనాదని రాసుకున్నాం. మూడో ఐటం ముప్పై ఒకటి బాకీ ఉంది. మూట కట్టి ఉంచినారా, మేమే ఎత్తుకోవాలా?"

సింహాచలం గారు కాగితం అందుకున్నారు. కాగితం మీద చిదానందరావు గారి పైవారి పైవారి సంతకం ఉంది. ఆయన చెయ్యి దానంతటదే ఫోను కోసం జేబులోకి వెళ్లింది. వరండాలో హైమావతి లేచి నిలబడింది. ఆయన ఆమె వంక చూశారు. పుస్తకంలో తలదూర్చి పెదవులు కదుపుతున్న దాలినాయుడి వంక చూశారు. ఫోను మళ్లీ జేబులో పడేశారు.

"పెన్నివ్వండి," అన్నారు.

ఎవరినీ అడగకుండా, వ్యాను బానెట్టు మీదే కాగితం పెట్టి, నిలబడే రాశారు. 'ముప్పై శాల్తీలు ఎదిగిపోయినవి. తిరిగి జమ చేయుట సాధ్యము కాదు. ఒక శాల్తీ మరమ్మతులో ఉన్నది. పని పూర్తి అగువరకు ఈ బడి దాటించుటకు వీలు లేదు.' కింద సంతకం చేసి, తేదీ వేసి, లోపలినుంచి బడి ముద్ర తెచ్చి కొట్టారు. అక్షరాలు స్ఫుటంగా వచ్చాయి.

ఖాకీ చొక్కా మనిషి చదువుకున్నాడు. "ఎదిగిపోతే మరేం చేస్తామండి," అని వ్యానెక్కి వెళ్లిపోయాడు.

దుమ్ము సర్దుకున్నాక దాలినాయుడు పుస్తకంలోంచి తలెత్తాడు.

"టీచర్, నన్ను ఎక్కించుకొని పోనేదేటి?"

"ముందు ఆ లెక్క చెయ్యి," అంది హైమావతి.